చిన్నోడి రెక్కల సూటు, మా ఇంటి టేపు

పోయినసారి నూలు ధరల మీద రాస్తే చాలామంది ఫోన్ చేశారు. ఈసారి సాంచాల ముచ్చట కాదు. అసలే కాదని కూడా అనలేం, తిప్పి తిప్పి చూస్తే ఇది కూడా గుడ్డ ముచ్చటే. కొంచెం పొడుగు ఉంటది, ఓపికతో చదవండి.

మా ఇద్దరి గురించి మీకు తెలుసు. ఒకరిది ముప్పై ఏళ్లుగా సాంచాల పని, ఇంకొకరిది ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుట్టే పని. ఎవరు ఏ మాట అన్నారో విడదీయకుండా 'మేము' అనే రాస్తాం. ఇంట్లో కూడా అంతే, కొట్లాట రోజుల్లో తప్ప.

మా చిన్నోడు టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. విమానంలోంచి పారాచూట్‌తో దూకుతాడని మాకు రెండేళ్ల కింద తెలిసింది. వాడు చెప్పలేదు, వాళ్లక్క ఫోన్‌లో ఫొటో చూసి పట్టుకున్నాం. నెల రోజులు మాట్లాడలేదు వాడితో. తర్వాత ఏం చేస్తాం, మాట్లాడినం. ఆదివారం దూకడం అయిపోయాక ఫోన్ చేయాలని ఒక్కటే షరతు పెట్టినం.

పోయిన దసరాకు పదిహేను రోజుల సెలవు మీద వచ్చాడు. సూట్‌కేసు తెరిస్తే బాదం పప్పు, చాక్లెట్లు, వాళ్లక్క పిల్లలకు బూట్లు, అన్నిటి కింద ఒక పెద్ద నల్ల సంచి. అందులోంచి ఎర్రది, నల్లది కలిసిన ఒక గుడ్డ తీసి మంచం మీద పరిచాడు. మంచం చాల్లేదు. చేతులకు, నడుముకు మధ్య గుడ్డ. రెండు కాళ్ల మధ్య గుడ్డ. గబ్బిలాన్ని బోర్లా పరిచినట్టు ఉంది. బతుకమ్మ పూలు తెంపుకొచ్చిన పిల్లలు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయారు.

"గిదేంది బిడ్డా?"

"వింగ్‌సూట్ అమ్మా. దీంతో కింద పడం, ముందుకు పోతం."

వాడు చెప్పిన లెక్క ఇది. మామూలుగా 13,000 అడుగుల నుంచి దూకితే పారాచూట్ తెరిచేదాకా నిమిషం పడుతుందట, గంటకు 190 కిలోమీటర్ల పైన వేగంతో కిందికి. ఈ సూటు వేసుకుంటే కిందికి దిగే వేగం సగానికి పడిపోయి, రెండు మూడు నిమిషాలు గాలిలో ఉండొచ్చు. ఒక మీటరు దిగేలోపు రెండు రెండున్నర మీటర్లు ముందుకు పోవచ్చు. కానీ దీంతో నేల మీద దిగలేరు, చివరికి పారాచూట్ తెరవాల్సిందే. ఈ ఆఖరు మాట మేము మూడుసార్లు చెప్పించుకున్నాం.

ఆ సూటు వాడిది కాదు. వాడితో దూకే స్నేహితుడిది. ఆయన కొత్తది కొనుక్కుని పాతది సగం ధరకు ఇస్తానన్నాడట. కొత్తది వెయ్యి డాలర్ల పైనే ఉంటుంది, అంటే మేము నాలుగు సాంచాలు తుక్కు కింద అమ్మినప్పుడు వచ్చిన దానికంటే ఎక్కువే. కాబట్టి సగం ధర అనగానే మా చెవులు కూడా నిక్కబొడుచుకున్నాయి, అబద్ధం ఎందుకు. "వేసుకుని చూసి నచ్చితే తీసుకో అన్నడు, అందుకే పట్కొచ్చిన" అన్నాడు. అమెరికా నుంచి భివండికి ట్రయల్ చూడటానికి తెచ్చుకున్నాడన్న మాట. ఇంట్లో దర్జీ ఉన్నందుకు.

ముందు గుడ్డ చూసినం. చేతిలోకి గుడ్డ రాగానే పడుగు, పేక చూసే అలవాటు పోదు కదా. నైలాన్. రెక్క అంచు దగ్గర దళసరి గుడ్డ, లోపల పల్చటిది, గాలి దూరకుండా పూత పూసినది. వెలుగుకు పట్టి చూస్తే కొన్ని చోట్ల గళ్లు గళ్లుగా కనిపించింది. రిప్‌స్టాప్ అంటారు దాన్ని. సన్న నూలు మధ్య వరుస తప్పకుండా కొంచెం మందం నూలు పడుగులోనూ పేకలోనూ వేస్తారు, ఎక్కడైనా చిరిగితే ఆ గడి దగ్గరే ఆగిపోతుంది. పారాచూట్లు ఒకప్పుడు పట్టువి, రెండో ప్రపంచయుద్ధం నాటికి నైలాన్ వచ్చేసింది. ఇలాంటి గుడ్డ మన షటిల్ సాంచా మీద నేయడం అయ్యే పని కాదు. అయినా చేత్తో తడుముతుంటే ఎవరో మనసు పెట్టి నేసినట్టే అనిపించింది.

కుట్టు ఇంకా గమ్మత్తుగా ఉంది. రెక్క ఒక పొర కాదు, పైన ఒకటి, కింద ఒకటి. రెండింటి మధ్య నిలువుగా గుడ్డ గోడలు కుట్టారు, బొంతలో దూది కదలకుండా గడులు కుట్టినట్టు. ముందు అంచు దగ్గర నోళ్లు ఉన్నాయి. ముందుకు పోతుంటే ఆ నోళ్లలోంచి గాలి దూరి రెక్క దిండులా ఉబ్బుతుంది. అంటే ఇందులో ఎముకలూ కర్రలూ ఏమీ లేవు, గాలే కర్ర.

ఇది తయారైన చరిత్ర వాడు చెప్తుంటే మాకు ఒక దర్జీ దగ్గర మనసు ఆగింది. ఫ్రాంజ్ రైఖెల్ట్ అని, ఆస్ట్రియా-హంగరీలో పుట్టి పారిస్‌లో బట్టలు కుట్టుకునేవాడు. ఒంటి మీద వేసుకునే పారాచూట్ కోటు తానే కుట్టుకున్నాడు. 1912 ఫిబ్రవరి 4న ఐఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి, బొమ్మతో పరీక్ష చేస్తానని అనుమతి తీసుకుని, తానే దూకి చనిపోయాడు. దాన్ని సినిమా తీశారు కూడా. 1937లో క్లెమ్ సోన్ అనే అమెరికన్ గుడ్డ రెక్కలతో ఫ్రాన్స్‌లో దూకాడు, రెక్కలు పనిచేశాయి, పారాచూట్ తెరుచుకోలేదు. 1990లలో ప్యాట్రిక్ డి గయార్డన్ అనే ఫ్రెంచ్ ఆయన, ఇప్పుడు చెప్పిన గాలి గడుల పద్ధతిలో సూటు చేసి ఎగిరి చూపించాడు. 1998లో హవాయిలో చనిపోయాడు. సూటు వల్ల కాదు, తన పారాచూట్ సరంజామాకు తాను చేసుకున్న మార్పులో జరిగిన తప్పు వల్ల. మరుసటి ఏడాది ఫిన్లండ్ ఆయన యారి కుయోస్మా, క్రొయేషియా ఆయన రాబర్ట్ పెచ్నిక్ కలిసి బర్డ్‌మాన్ పేరుతో అందరికీ అమ్మే సూట్లు మొదలుపెట్టారు. అప్పటి నుంచే ఇది నేర్చుకుని చేసే పని అయింది.

"గిన్ని చావులు చెప్పి మమ్మల్ని ఒప్పిద్దామనుకున్నవా?" అని అడిగినం. "దాచిపెడితే మళ్లీ నెల మాట్లాడరు కదా" అన్నాడు.

మన మహారాష్ట్ర పిల్లే, పుణే శీతల్ మహాజన్, 2018 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ పట్టాయాలో నౌవారీ చీర కట్టుకుని దూకింది, గుర్తుందా? పద్మశ్రీ వచ్చిన అమ్మాయి. అప్పుడు మన సమాజ్ ఆడవాళ్లంతా ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టినం. ఊళ్లో పిల్ల దూకితే చప్పట్లు, ఇంట్లో పిల్లడు దూకితే నెల రోజులు మౌనం.

సరే, ట్రయల్ సంగతికి వద్దాం.

సద్దుల బతుకమ్మ మరుసటి పొద్దున డాబా మీదికి తీసుకెళ్లి తొడిగించాం. వాడు 5 అడుగుల 5 అంగుళాలు, 58 కిలోలు. సూటు యజమాని 6 అడుగుల మనిషి. కాళ్ల జిప్పులు వేయగానే మోకాళ్ల దగ్గర గుడ్డ సంచిలా వేలాడింది. కాళ్లు వెడల్పుగా చాచి నిలబడితే రెండు కాళ్ల మధ్య తోక గుడ్డ సాంచా మీద పడుగు బిగిసినట్టు బిగుసుకోవాలట, ఇది ముడతలు పడింది. చేతుల చివర పట్టుకునే పిడి వేళ్లు దాటి బయటికి ఉంది. వాడు మాత్రం అద్దంలో చూసుకుని "సూపర్ ఉంది కదా" అంటున్నాడు.

మాకు పెళ్లి బ్లౌజుల సీజన్లో రోజూ కనిపించే సంగతే ఇది. అక్క బ్లౌజు తెచ్చి చెల్లెలికి పట్టించమంటారు. రెండు పక్కలా కుట్టు లోపలికి తీసుకుంటే అయిపోతుంది. అదే మాట అన్నాం, పిన్నులు తీసుకుని దిగబోయాం కూడా. చిన్నోడు ఆపాడు. రెక్క లోపల గోడలున్నాయి కదా, పక్క కుట్టు అంగుళం తీస్తే గోడలు ముందుకు జరుగుతాయి, గాలి నోళ్లు వంకర పోతాయి, ఒక రెక్క ఒకలా ఇంకోటి ఇంకోలా ఉబ్బుతుంది. గాలిలో మనిషి ఒక పక్కకు తిరుగుతూ పోతాడు. దీన్ని చేసిన చోటే మార్పించాలి, లేదా కొలతలిచ్చి కొత్తది కుట్టించుకోవాలి. పిన్నులు డబ్బాలో పెట్టేశాం. ముప్పై ఏళ్లలో ఒక గుడ్డను చూసి మాకు చేతకాదని పక్కన పెట్టడం అదే మొదటిసారి అనుకుంటాం.

"మరి పెద్దదైతే మంచిదే కదా, ఎక్కువసేపు తేలుతవు?" అని అడిగినం. అందరికీ వచ్చే అనుమానమే. దానికి వాడు చెప్పింది, తర్వాత వాడి గురువు వీడియో కాల్‌లో చెప్పింది కలిపి మాకు అర్థమైనంత రాస్తాం.

సంక్రాంతికి పతంగులు ఎగరేస్తాం కదా. ఒకే సైజు పతంగు, ఒకటి పల్చటి కాగితం, ఒకటి మందం కాగితం. పల్చటిది చిన్న గాలికే లేచి తేలుతుంది, మందంది లేవదు కానీ లేచాక దూసుకుపోతుంది. మనుషులూ అంతే. ఒకే సూటు 58 కిలోల వాడు వేసుకుంటే మెల్లగా దిగుతాడు, 90 కిలోల వాడు వేసుకుంటే వేగంగా దిగుతాడు, ముందుకు కూడా వేగంగానే పోతాడు. అందుకని బరువైన మనిషి అదే మెల్లదనం కావాలంటే పెద్ద సూటు వేసుకోవాలి, తేలిక మనిషికి చిన్నది చాలు. మా వాడు ఎగిరేది ఒక గుంపుతో, ఆరుగురు పక్షుల్లా పక్కపక్కన. వాళ్లలో వీడే తేలిక. వీడు పెద్ద సూటు వేసుకుంటే మిగతావాళ్లు కిందికి దిగిపోతుంటే వీడు పైనే తేలుతూ, వాళ్లను అందుకోవడానికి రెక్కలు ముడుచుకుంటూ అవస్థ పడాలి. పొడుగు మనిషికి చేతులు పొడుగు, రెక్క దానంతటదే వెడల్పు అవుతుంది. పొట్టివాడు అదే వెడల్పు గుడ్డ పట్టుకుంటే భుజాలు లాగేస్తాయి, నిమిషంలో అలసిపోతాడు.

ఎగిరే పద్ధతులు కూడా వేరు వేరట. పోటీల్లో మూడు రకాలు, ఎంతసేపు, ఎంత దూరం, ఎంత వేగం అని, ఒక కిలోమీటరు ఎత్తు దిగేలోపు లెక్క కడతారు. వాళ్లవి పెద్ద రెక్కలు. గాలిలో పల్టీలు కొట్టేవాళ్లకు, వెల్లకిలా ఎగిరేవాళ్లకు చిన్నవి, చురుగ్గా తిరిగేవి కావాలి. కొండల మీది నుంచి దూకేవాళ్లది ఇంకో లోకం, వాళ్లకు దూకిన క్షణాల్లోనే గాలి నిండాలి. కొండల మాట రాగానే మా ఇద్దరి ముఖాలు చూసి "అది నేను చెయ్య" అన్నాడు. రాసి ఇమ్మని అడగలేదు, అడగాల్సింది.

మొదటిసారి వేసుకునేవాడికి వీటిలో ఏదీ కాదట. అమెరికాలో 200 సార్లు మామూలుగా దూకనిదే వింగ్‌సూట్ తొడగనివ్వరు. వీడివి 236 అయ్యాయి. అంత దాటినా మొదటి సూటు చిన్న రెక్కలది, చిన్న తోకది, చేతులు సులభంగా ముందుకూ వెనక్కూ పోయేదే ఉండాలి. పెద్ద సూటు తప్పును క్షమించదు. ఒకసారి గిరగిర తిరగడం మొదలైతే ఆపడం కష్టం. పారాచూట్ తెరిచే వేళ పెద్ద గుడ్డ వెనుక గాలి సుడి తిరుగుతుంది, పారాచూట్‌ను బయటికి లాగే చిన్న పైలట్ చూట్ ఆ సుడిలో చిక్కి ఆలస్యం కావచ్చు. ఇంకోటి చెప్పాడు, అది విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సూటు ఒంటికి బిగుతుగా ఉండడంతో పారాచూట్ తొడ పట్టీలు బిగించుకోకపోయినా బిగించుకున్నట్టే అనిపిస్తుందట. గుడ్డ కప్పేస్తుంది కాబట్టి పక్కవాళ్లకూ కనబడదు. చూసుకోకుండా దూకినవాళ్లు ఉన్నారట.

ఇప్పుడు అసలు సంగతి.

సూటు తొడిగాక వాడిని డాబా మీద బెంచీ మీద బోర్లా పడుకోమన్నాం. వాళ్లు అక్కడ ఇలాగే చూసుకుంటారట, ఎగురుతున్నట్టు పడుకుని రెండు చేతులూ ఒకేసారి వెనక్కి తీసుకెళ్లి, నడుము కింద సంచి అడుగున ఉండే పిడిని కుడి చేత్తో పట్టుకోవాలి. పారాచూట్ సంచి తేలేదు కాబట్టి మా కాటన్ సంచిలో దుప్పటి కుక్కి వీపుకు కట్టి, పిడి ఉండే చోట కండె ఒకటి గుచ్చాం. "తీయి" అన్నాం.

ఎడమ చెయ్యి హాయిగా పోయింది. కుడి చెయ్యి నడుము దాకా పోయి ఆగింది. వాడు భుజం ఎత్తి, ఒళ్లంతా ఒక పక్కకు మెలితిప్పి అందుకున్నాడు. "వచ్చింది కదా" అన్నాడు. మళ్లీ తీయమన్నాం. మళ్లీ అదే మెలిక. ఐదుసార్లు చేయించాం, ఐదుసార్లూ అంతే.

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

వాడికి పదేళ్లప్పుడు కార్ఖానా మెట్ల మీది నుంచి పడి కుడి భుజం దిగింది. ఆ నెల సాంచాలు బంద్. చేతిలో పైసలు లేవు. మంచి డాక్టర్ దగ్గరికి పోకుండా, దగ్గర్లో ఎముకలు సర్దే మనిషితో కట్టు కట్టించాం. ఇరవై రోజులకు చెయ్యి లేచింది, బడికి పోయాడు, మేమూ మరిచిపోయామనుకున్నాం. కానీ మరిచిపోలేదు. ఆ ఏడాది నుంచి వాడికి కుట్టిన ప్రతి చొక్కాకూ కుడి చంక అర అంగుళం వదులు పెడుతూ వచ్చాం. బడి యూనిఫాం, కాలేజీ చొక్కా, అమెరికా పోయేటప్పుడు కుట్టిన రెండు షర్టులు, అన్నీ. ఎందుకో వాడికి ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ రెడీమేడ్ కొంటే కుడి పక్క పట్టేస్తుందని ఫోన్‌లో అన్నప్పుడు కూడా "ఆ కంపెనీలు గట్లనే కుడతయి" అన్నాం.

ఆ రోజు డాబా మీద చెప్పాం. వాడు సూటులోనే, ఆ ఎర్ర నల్ల గుడ్డలోనే కూర్చుని విన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఉత్త పారాచూట్‌తో దూకుతున్నప్పుడు చెయ్యి అందుతుంది, అందుకే నాకు తెల్వలే" అన్నాడు. ఒట్టి చెయ్యి అయితే ఎట్లాగో వెనక్కి పోతుంది. రెక్క గుడ్డ, అందులో గాలి బిగువు ఉన్నప్పుడు పోదు. ఒళ్లు మెలితిప్పి తీస్తే సూటు ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరిగినప్పుడు తెరిచిన పారాచూట్ తాళ్లు మెలి పడతాయి. ఇది వాడే మాకు వివరించాడు, వాడి గొంతు మారింది.

ఆ రాత్రి వాడి గురువుకు వీడియో కాల్ చేశాడు. ఆయన కూడా బెంచీ మీద పడుకోబెట్టి చేయించి చూశాడు. స్నేహితుడి సూటు వద్దే వద్దన్నాడు. కొలతలతో చిన్న రెక్కల సూటు కుట్టించుకోమని, అంతకంటే ముందు భుజం చూపించుకోమని, డాక్టర్ సరే అనేదాకా వింగ్‌సూట్ మాట ఎత్తొద్దని అన్నాడు. మాకు ఆ తెల్లాయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేం. మేము చెప్తే వినని మాట ఆయన చెప్తే విన్నాడని కొంచెం కోపం కూడా.

ఠాణాలో ఎముకల డాక్టర్‌కు చూపించాం. పాత దెబ్బ, కీలు బిగుసుకుపోయింది, కసరత్తుతో చాలావరకు వస్తుందన్నాడు. పదిహేనేళ్ల కింద ఇదే మాట వినడానికి మా దగ్గర ఆటో కిరాయి లేదు.

తిరిగి పోయే ముందు రోజు కొలతలు తీశాం. కంపెనీ ఫారంలో ఇరవైకి దగ్గర దగ్గర గడులు. ఎత్తు, బరువు సరే. మెడ వెనుక ఎముక నుంచి తొడల సందు దాకా, చంక నుంచి మణికట్టు దాకా, చేతులు చాపితే వేలి కొస నుంచి వేలి కొస దాకా, తొడ లోపలి పొడవు, పిక్క చుట్టు, బూటు సైజు. బ్లౌజు కొలతకు ఊపిరి బిగబట్టమనం, మామూలుగా పీల్చమంటాం. ఇక్కడా అదే రాశారు. దూకేటప్పుడు లోపల వేసుకునే బట్టలతోనే కొలవాలని కూడా ఉంది. ప్రతి కొలతా రెండుసార్లు తీసి అంగుళాల్లో చెప్తే వాడు సెంటీమీటర్లు చేసుకున్నాడు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి వేరువేరుగా కొలిచాం. ఫారంలో ఒకే గడి ఉంది. చివర్లో 'ఇంకేమైనా చెప్పాలా' అనే గడిలో కుడి భుజం సంగతి రాయించాం. కంపెనీ వాళ్లు తర్వాత ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడిగారట, అంటే చదివారు.

డబ్బు విషయం రాయకపోతే మీరే అడుగుతారు. సగం వాడు పెట్టుకున్నాడు, సగం మేమిచ్చాం. "మీకెందుకు ఇవ్వాలనిపించింది, ఆపాల్సింది పోయి" అని మా వదిన అడిగింది. ఆపితే ఆగే వయసు కాదు వదినా, ఆగకపోతే సగం ధర సూటే వేసుకుంటాడు.

నాలుగు నెలలు కసరత్తు చేశాడు. సూటు వచ్చాక ముందు మాకే వీడియో కాల్. అక్కడి గదిలో మంచం మీద బోర్లా పడుకుని, ఈసారి నిజం పారాచూట్ సంచితో, రెండు చేతులూ వెనక్కి తీశాడు. మేము ఇక్కడ ఫోన్ ముందు కూర్చుని లెక్కపెట్టాం. పదిసార్లు. పదిసార్లూ ఒళ్లు కదలకుండా అందింది. తొడ పట్టీలు చూపించమన్నాం, చూపించాడు.

ఇప్పటికి ఆ సూటుతో పదకొండుసార్లు ఎగిరాడు, మొదటి కొన్ని గురువు పక్కనే ఉండి. స్నేహితుడి సూటు తిరిగి ఇచ్చేశాడు. ఆదివారం రాత్రి మాకు పది దాటాక ఫోన్ వస్తుంది, అప్పటిదాకా టీవీ పెట్టుకుని కూర్చుంటాం, ఏం చూశామో గుర్తుండదు. వాడి కొలతల కాగితం మా బ్లౌజుల నోటుబుక్కులో అతికించాం. డాక్టర్ చెప్పినట్టు భుజం ఇంకా వదులైతే కుడి చంక కొలత మారుతుందట. వచ్చే దసరాకు మళ్లీ తీయాలి.